తోకున్న అక్షరం

తూరుపుపాలెంలో సిలార్ చెయ్యి పడని గోడ లేదు. ఎరువుల కొట్టు బోర్డు అతనిదే, రైసుమిల్లు గేటు అతనిదే, పత్తిమిల్లు ప్రహరీ మీద బారెడేసి అక్షరాలతో ఉన్న ‘పొగ త్రాగరాదు’ కూడా అతనిదే. ఎనభై మూడు ఎన్నికలప్పుడైతే రెండు పార్టీల వాళ్ళూ తెల్లారకముందే వచ్చి అతని అరుగు మీద చెరో పక్కన కూర్చునేవాళ్ళు. సిలార్ ఇద్దరినీ నొప్పించకుండా ఒకే గోడకి ఇటు వీళ్ళదీ అటు వాళ్ళదీ రాసిపెట్టాడు. అక్షరాల్లో మాత్రం ఎవరికీ పక్షపాతం చూపలేదు. తెల్లటి అక్షరం, నల్లటి అంచు, కింద నీలం నీడ. నీడ వేస్తే అక్షరం గోడ మీంచి లేచి నిలబడుతుందనేవాడు.

అతని తండ్రి దూదేకేవాడు. ఆ నుసి సిలార్ ముక్కుకి పడలేదు. పదేళ్ళప్పుడు తుమ్ముకుంటూ చీరాల పారిపోయి ఒక పెయింటర్ దగ్గర చేరి, చెయ్యి కుదిరాక తిరిగొచ్చాడు. ఈ హడావిడిలో బడి అనేది మధ్యలో ఎక్కడా తగల్లేదు. చీటీ మీద ఎవరేది రాసిస్తే దాన్ని అచ్చుగుద్దినట్టు గోడకెక్కిస్తాడు. అందులో ఏముందో మాత్రం అతనికి తెలీదు. అరటి పువ్వు బొమ్మ గీసినట్టే ‘అ’ గీస్తాడు.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలీదు, భార్య జానీబీకి తప్ప. ఎవరైనా ఉత్తరం తెచ్చి చదివిపెట్టమంటే, ‘టర్పెంటాయిల్ కళ్ళల్లో పడింది, మసకమసగ్గా ఉంది’ అని తప్పుకునేవాడు. ఏడాది పొడుగునా ఇన్నిసార్లు కళ్ళల్లో పడే టర్పెంటాయిల్ ఎక్కడిదని ఎవరికీ అనుమానం రాకపోవడం అతని అదృష్టం.

ఆ ఎన్నికల మరుసటేడు మే నెలాఖర్న బడి మాష్టారు జానకిరామయ్యగారు ఎండలో గొడుగేసుకుని ఇల్లిల్లూ తిరుగుతూ, ఒకటో తరగతి పిల్లల పేర్లు రాసుకుంటూ సిలార్ ఇంటికొచ్చారు. ఊరిబడికి ఉపాధ్యాయులూ, ప్రధానోపాధ్యాయులూ అన్నీ ఆయనే.

“ఏవయ్యా సిలారూ, నీ కూతురికి అయిదు నిండాయిగా?”

“నిండాయండి. ఖుర్షిదా అని... వాళ్ళమ్మకి నాయనమ్మ పేరే పెట్టుకున్నామండి.”

ఖుర్షిదా అరుగు చివర కూర్చుని సుద్దముక్క నాకుతోంది. మాష్టారు దానికేసి చూసి నవ్వారు. “దీనికి నేను నేర్పేదేముందయ్యా, నీలాంటి అక్షరాలవాడి ఇంట్లో పుట్టాక! బడి తెరిచేలోపు పేరు రాయడం నేర్పి పంపు. మిగతా పిల్లలకి చూపించుకుంటాను.”

“అదెంత పనండీ మాష్టారూ!” అనేశాడు సిలార్.

గొడుగు సందు మలుపు తిరిగేదాకా జానీబీ బియ్యం చెరుగుతూనే ఉంది. తిరిగాక చేట పక్కనపెట్టి, “ఎట్టా నేర్పుతావు?” అంది.

“నేర్పుతాలే.”

“అదే, ఎట్టాగని?”

ఇన్నేళ్ళలో ఖుర్షిదా అనే పేరుతో బోర్డు రాయమని ఎవరూ అడగలేదు. అడిగుంటే ఆ పేరు ఎలా ఉంటుందో తెలిసేది.

“మాష్టారునే రాసిమ్మంటే పోయేదిగా?” అంది జానీబీ.

“ఊరంతా రాసేవాణ్ణి, నా బిడ్డ పేరు ఎట్టా రాయాలని నేనడగాలా? తల తీసెయ్యి, పోతంది.”

రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎరువుల కొట్లో శేషాచలం అని గుమాస్తా ఉన్నాడు. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. సిలార్‌కి చీటీలు చాలావరకు అతనే రాసిస్తాడు. నారు మందుల కోసం వచ్చిన రైతులతో కొట్టు కిటకిటలాడుతున్న వేళ చూసుకుని సిలార్ లోపలికి దూరాడు.

“శేషాచలంగారూ, ఇంకొల్లులో ఒకామె కొట్టు పెడతందండి. ఖుర్షిదా అని ఆమె పేరు. బోర్డు రాయమంది.”

“ఏం కొట్టయ్యా?”

సిలార్ ఇంత దూరం ఆలోచించలేదు. నోటికొచ్చింది చెప్పాడు. “గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు... అట్టాంటివండి.”

“బోర్డు మీద ఏం రాయాలి? ప్రొప్రయిటరూ, ఊరూ అన్నీ ఉండాలా?”

“అబ్బే, పేరొక్కటీ రాసివ్వండి చాలు. మిగతాది నేను చూసుకుంటా.”

శేషాచలం విత్తనాల సంచి అట్ట చింపి, ఒక చేత్తో బిల్లు చూసుకుంటూ రెండో చేత్తో బరబరా రాసిచ్చాడు. సిలార్ దాన్ని జేబులో పెట్టుకుని, ఏనుగెక్కినంత సంబరంగా ఇంటికొచ్చాడు.

అట్ట మీద అయిదు అక్షరాలున్నాయి. ఒక్కోదానికీ కిందా పైనా బోలెడు తగులుకుని ఉన్నాయి. సిలార్ కాసేపు వాటివంక చూసి, “ఇంత పొడుగు పేరా దీనిది?” అన్నాడు.

“మా నాయనమ్మ పేరు మరి. మీ వాళ్ళ పేర్లలాగా రెండు ముక్కల్లో తేలుద్దా?” అంది జానీబీ గర్వంగా.

మర్నాటి నుంచి పాఠం మొదలైంది. సిలార్ తనకి వచ్చిన పద్ధతిలోనే నేర్పాడు. ముందు అరుగు మీద సుద్ద పూసిన పురికొస లాగిపెట్టి టప్పున కొట్టి రెండు గీతలు వేశాడు. గీతల మధ్యన అక్షరం కూర్చోవాలి. వాటి పేర్లు అతనికి తెలీవు కాబట్టి కొత్తవి పెట్టుకున్నాడు. మొదటిది తోకది. రెండోదానికి కింద సంచి వేలాడుతోంది గనక సంచిది. మూడోది చెయ్యి చాపింది. నాలుగోది మెలికది. అయిదోది టోపీది.

“తోకది, సంచిది, చెయ్యి చాపింది, మెలికది, టోపీది,” అని ఖుర్షిదా పాటలాగా అందుకుంది. మొదట్లో తోక తలకి తగిలించేది. సంచి ఊడిపోయి పక్కింటి గీతలోకి దొర్లేది. సిలార్ వేలు పట్టుకుని దిద్దించేవాడు. గోడలు రాసేటప్పుడు ఎవరు పలకరించినా విసుక్కునే మనిషి, కూతురు టోపీని చెరిపి చెరిపి పదోసారి పెడుతుంటే బీడీ కూడా మర్చిపోయి చూస్తూ కూర్చున్నాడు. పది రోజులు తిరిగేసరికి దానికి అయిదూ వచ్చేశాయి. పైగా నీడ వేయడం కూడా నేర్చుకుంది. అయిదేళ్ళ పిల్ల, పలక మీద, బలపం వాల్చి పట్టుకుని!

బడి తెరిచిన రోజు సిలార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతుర్ని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. జానకిరామయ్యగారు దాన్ని చూడగానే, “రావమ్మా! ఒరేయ్, అందరూ ఇటు చూడండి. ఈ అమ్మాయి పేరు రాస్తుంది,” అని కుర్చీ పక్కన నిలబెట్టుకున్నారు.

ఖుర్షిదా కింద బాసింపట్టు వేసుకుని పలక ఒళ్ళో పెట్టుకుంది. నాలిక బయటపెట్టి తోకది వేసింది. సంచిది వేసింది. బయట గుమ్మం పట్టుకుని నిలబడ్డ సిలార్ కూడా పెదాలు కదుపుతూ లోలోపల వేస్తున్నాడు. టోపీ పెట్టేసి, నీడ కూడా దిద్ది, పలక పైకెత్తి చూపించింది.

ముందు వరసలో నాలుగో తరగతి పిల్లాడొకడు కూడబలుక్కుని గట్టిగా చదివాడు. “ఖు...ర్షి...దా... ఫ్యాన్సీ!”

బడంతా గొల్లుమంది.

సిలార్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత శేషాచలం, గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు వరసగా గుర్తొచ్చాయి.

మాష్టారు నవ్వలేదు. పలక చేతిలోకి తీసుకుని, “చాలా బాగుందమ్మా. ఇదేం అక్షరం?” అని మొదటిదాని మీద వేలు పెట్టారు.

“తోకది.”

“ఇది?”

“సంచిది.”

“ఎవరు చెప్పారు?”

“మా నాయన,” అంది ఖుర్షిదా గుమ్మంకేసి చూపిస్తూ.

మాష్టారు తలెత్తి సిలార్ మొహం చూశారు. సిలార్ తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూస్తున్నాడు. ఆయన పిల్లలవైపు తిరిగి, “ఎందుకురా ఆ నవ్వు? ఫ్యాన్సీ అంటే సొగసైనదని. వాళ్ళ నాన్న ముద్దుపేరు కూడా కలిపి రాయించుకున్నాడు. మీలో ఎవడికైనా ముద్దుపేరు రాయడం వచ్చా? రాదు. మరి నోరు మూసుకోండి,” అని కసిరారు.

సిలార్ సైకిలెక్కిన సంగతి సిలార్‌కే తెలీదు. ఇంటికొచ్చి జరిగింది చెప్తే జానీబీ ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత గోడకి చేరగిలబడింది. ఆ తర్వాత కూర్చుని మరీ నవ్వింది. “పౌడరు డబ్బాలు కూడా రాయించి ఉంటే బాగుండు!” అంది కళ్ళు తుడుచుకుంటూ. సిలార్ ఆ పూట అన్నం తినలేదు.

సాయంత్రం ఖుర్షిదా మాత్రం ఎగురుకుంటూ వచ్చింది. బళ్ళో అందరూ దాన్ని ఫ్యాన్సీ అని పిలుస్తున్నారట. ఇంకెవరికీ అలాంటి పేరు లేదట. “నా పేరులో ఫ్యాన్సీ తీసెయ్యాలంటందేంది నాయనా అమ్మ? ఎందుకు తియ్యాలి?” అని నిలదీసింది. సిలార్ అటు తిరిగి పడుకున్నాడు.

మూడు రోజులు నిచ్చెన దించలేదు. బ్రష్షులు టర్పెంటాయిల్లో నానుతూనే ఉన్నాయి. ఇంకొల్లు నించి వేరుశనగ మిల్లు వాళ్ళు మనిషిని పంపితే వంట్లో బాగాలేదనిపించాడు. చీటీ చూస్తేనే భయమేస్తోంది. ఇన్నేళ్ళూ ఎవడేది రాసిచ్చాడో, తనేం గోడలకెక్కించాడో!

నాలుగో రోజు పొద్దున్నే జానకిరామయ్యగారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. జానీబీ మజ్జిగ ఇచ్చింది. ఆయన మజ్జిగ తాగి, పలక ఊసు ఎత్తకుండా, “సిలారూ, బడికి సున్నం వేయించారయ్యా పంచాయతీ వాళ్ళు. తూర్పు గోడ ఖాళీగా ఉంది. అ ఆలు, క ఖలు పెద్దపెద్దవిగా రాస్తే పిల్లలకి కళ్ళకి కడతాయి. వేస్తావా?” అన్నారు.

“చీటీ ఇవ్వండి, వేస్తాను,” అన్నాడు సిలార్ మొహం చూపించకుండా.

“చీటీ ఎందుకు? నేను కుర్చీ వేసుకుని పక్కనే ఉంటాను. ఒక్కొక్కటే పలక మీద రాసి చూపిస్తాను. రోజుకి రెండు చాలు. అంతకన్నా ఎక్కువైతే పిల్లలకి వంటబట్టదు.”

“రోజుకి రెండా? పొద్దుటికల్లా మొత్తం వేసెయ్యగలనండి!”

“తెలుసయ్యా నీ చెయ్యి. నాకే తొందరలేదు.”

అలా మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి సిలార్ నిచ్చెన వేసేవాడు. మాష్టారు కింద కుర్చీలో కూర్చుని, “అ. అమ్మలో అ,” అనేవారు. వేపచెట్టు నీడలో కూర్చున్న పిల్లలు, “అమ్మలో అ!” అని అరిచేవాళ్ళు. సిలార్ బ్రష్షు తిప్పుతుండగా మాష్టారు మళ్ళీ అనేవారు. అంచు దిద్దుతుండగా ఇంకోసారి. నీడ వేసేటప్పుడు ఇంకోసారి. ఒక అక్షరం గోడ మీద పూర్తిగా లేచి నిలబడేసరికి దాని పేరు పాతికసార్లు వినపడేది. మర్నాడు పని మొదలెట్టబోయే ముందు, “నిన్నటివి ఒకసారి చదవండర్రా,” అనేవారు. నిచ్చెన మీద వీపు తిప్పి నిలబడ్డ మనిషి కూడా నోట్లో చదువుకుంటాడని ఆయనకి తెలుసు.

మూడో రోజుకి సిలార్‌కి సంగతి బోధపడింది. ఉ, ఊ వేసి, నిచ్చెన దిగి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఆయన ముందు నిలబడ్డాడు.

“మాష్టారూ, ఇదంతా నా కోసమేనాండీ?”

“గోడ బోసిగా ఉందయ్యా,” అన్నారు జానకిరామయ్యగారు పొడుం పట్టు పడుతూ. “రేపు ఋ వేయాలి. సన్న బ్రష్షు తెచ్చుకో, మెలికలెక్కువ.”

సిలార్ నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. మర్నాడు సన్న బ్రష్షుతో పాటు ఇంట్లోంచి మామిడి పళ్ళు నాలుగు గుడ్డలో కట్టి తెచ్చి కుర్చీ కింద పెట్టాడు.

పదో రోజో పదకొండో రోజో క పక్కన ఖ వేశాడు. నీడ ఇంకా దిద్దనేలేదు, ఖుర్షిదా వేపచెట్టు కింద నుంచి చటుక్కున లేచింది.

“అది నాదీ! నాయనా, అది నా తోకది! కానీ తోకేది?”

నిజమే. తోక లేదు. సిలార్ నిచ్చెన మీదే ఆగిపోయాడు. మాష్టారు కుర్చీలోంచి, “ఖ మాత్రమే వేశాడమ్మా. ఖు కావాలంటే తోక తగిలించుకోవాలి. ఆ తోక ‘ఉ’ అంటుంది,” అన్నారు.

సిలార్ చేతిలోంచి రంగు బొట్టు బొట్టుగా నిచ్చెన మెట్టు మీద పడుతోంది. ఆ తోక అతనికి కొత్త కాదు. ‘ఎరువులు’లో ఉంది. ‘మిల్లు’లో ఉంది. ‘మందులు’లో ఉంది. కొన్ని వందల తోకలు గీసుంటాడు తన చేత్తో. అన్నీ ఒకటే మాట అంటున్నాయా ఇన్నాళ్ళూ? పైకి చెప్పలేదు గానీ, అతనికి ఆ క్షణాన నిచ్చెన దిగి ఊళ్ళోకి పరిగెత్తి తన బోర్డులన్నీ చూసుకురావాలనిపించింది. పని మధ్యలో వదలడం ఇష్టంలేక నీడ దిద్ది, అప్పుడు పరిగెత్తాడు.

తర్వాత గుణింతాలు వేశారు. వత్తులు వేశారు. వానలొచ్చి వారం రోజులు పని ఆగితే, ఖుర్షిదా ఇంట్లో అరుగు మీద గీతలు కొట్టి తండ్రికి పాఠం చెప్పింది. తప్పు చెప్తే మాష్టారు కన్నా ఘోరంగా కసిరేది. “ఎన్నిసార్లు చెప్పాలి, అది ఘ! కడుపులో గీత చూళ్ళేదూ?” ఇది విని జానీబీ పొయ్యి దగ్గర నుంచి, “నువ్వట్టా గట్టిగా చెప్పవే ఫ్యాన్సీ,” అని ఎగదోసేది. మొదట్లో ఈ పేరు వినపడితే సిలార్‌కి చురుక్కుమనేది. పత్తి తీతల వేళకి తనే దాన్ని ఫ్యాన్సీ అని పిలవడం మొదలెట్టాడు.

ఆ మాఘమాసంలో, ఊరి చుట్టూ కల్లాలన్నీ మిరపకాయలతో ఎర్రబడి, దారిన పోయేవాడల్లా తుమ్ముతున్న రోజుల్లో, మాష్టారు బడి అరుగు మీద సామెత ఒకటి రాయమన్నారు: నిదానమే ప్రధానం. సిలార్ పలక చూసి కాదు, చెవిన విని రాశాడు. అలా రాయడం అతనికదే మొదలు. రాసి గర్వంగా దిగాడు.

“బాగుంది. ‘ధా’కి కింద గీత ఏది?” అన్నారు మాష్టారు.

“మొదటి ‘దా’కి లేదుగదండీ?”

“మొదటిదానికి లేదు. రెండోదానికి ఉంది. ఒత్తు లేకపోతే ప్రదానం అవుతుంది. అంటే ఇచ్చెయ్యడం. నిదానాన్ని ఎవరికో ఇచ్చేసినట్టు.”

సిలార్ గీత పెట్టాడు. పెడుతూ పెడుతూ ఉలిక్కిపడ్డాడు. ఆ సామెత అతను ట్రాక్టరు ట్రక్కుల వెనక ఎన్నిటి మీదో రాశాడు. తూరుపుపాలెంలోనే ఆరున్నాయి. దేనికీ ఆ గీత పెట్టినట్టు గుర్తులేదు. పదేళ్ళ కిందట ఎవరో ఇచ్చిన చీటీ చూసి మొదటిది రాశాడు. మిగతావన్నీ దాన్ని చూసి రాసినవే.

మర్నాడు ఆదివారం. ఖుర్షిదాని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, తెల్లరంగు, నీలంరంగు డబ్బాలు హేండిలుకి తగిలించుకుని వేటకి బయల్దేరాడు. అయిదు ట్రక్కులు ఇళ్ళ ముందే దొరికాయి. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క గీత. ఆరోది ఏసోబు నడిపేది. అది అప్పటికే మిరపబస్తాలెత్తుకుని గుంటూరు దారి పట్టిందన్నారు. సిలార్ సైకిలు తొక్కాడు. పత్తిమిల్లు దాటాక, ఎర్రటి బస్తాల గుట్ట ఊగుకుంటూ పోతూ కనపడింది.

“ఏసోబూ! ఒరేయ్ ఏసోబూ! ఆపరా!”

ట్రాక్టరు చప్పుడులో ఏసోబుకి వినపడలేదు. ఖుర్షిదా రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, ప్రాణాలన్నీ కూడగట్టి, “ఏసోబు మావోయ్!” అని కేకేసింది. బండి ఆగింది.

ఏసోబు గాభరాగా దిగొచ్చాడు. “ఏంది బావా, బస్తా జారిందా? ఎవరికన్నా ఏమన్నా అయిందా?”

“ఏం కాలేదు. కదలమాక,” అని సిలార్ ట్రక్కు వెనక గొంతుకు కూర్చుని, బ్రష్షు ముంచి, ‘ప్రదానం’లో ‘దా’ కింద చిటికెన వేలి గోరంత గీత పెట్టాడు. వెనక్కి జరిగి తల వాల్చి చూసుకున్నాడు. చాల్లేదనిపించి, దానికి నీలం నీడ కూడా దిద్దాడు.

ఏసోబు ఒకసారి గీతవంకా ఒకసారి సిలార్ వంకా చూశాడు. “దీనికా, అంత దూరం నుంచి సైకిలు తొక్కావు?”

“అది లేకపోతే అర్థం మారిపోద్దిరా.”

“నాలుగేళ్ళ నించీ అట్టాగే తిరుగుతున్నా. నాకెవరూ చెప్పలేదే!”

“నాకు మాత్రం ఎవరు చెప్పారు?” అన్నాడు సిలార్ డబ్బాల మూతలు బిగిస్తూ. “తడిగా ఉంది, ఓ పావుగంట వెనక ఎవర్నీ చెయ్యి పెట్టనీకు.”

ట్రాక్టరు దుమ్ము లేపుకుంటూ కదిలింది. మిరప ఘాటుకి తండ్రీ కూతుళ్ళిద్దరూ పోటీపడి తుమ్మారు. తర్వాత సిలార్ సైకిలు వెనక్కి తిప్పాడు. దారి పొడుగునా ఎదురైన ప్రతి గోడ దగ్గరా ఖుర్షిదా ఆపమంది. ఆపిన ప్రతిచోటా ముందు ఎవరు చదవాలో తేలక ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఇంటికి చేరేసరికి అన్నం చల్లారిపోయింది. జానీబీ చెడామడా తిట్టింది.